పగడపు దిబ్బలు, మడ అడవులు : వానిని కాచు శాసనములు

మన యిండ్లలో పెద్దవారు ధరించు పగడముల దండను చూడని విద్యార్థి యుండడు. నవరత్నములను లెక్కించునప్పుడు మనవారు పగడమును గూడ చేర్చుదురు. ముత్యమును పగడమును తప్ప తక్కిన యేడును భూమిలో దొరకు ఱాళ్లు. ఈ రెండు మాత్రము ప్రాణులు చేసినవి. 18వ శతాబ్దమున మధ్యధరా సముద్రపు ఎఱ్ఱపగడము ఓడలమీద చెన్నపట్టణమునకు వచ్చుచుండెను. దానికి మాఱుగా మన దేశపు వజ్రములు ఇంగ్లండునకు పోవుచుండెను. ఇట్లు నగలలోని పగడము మనకు దూరదేశపు వస్తువు. కాని పగడపుజాతి ప్రాణులు కట్టిన గొప్ప దిబ్బలు మన దేశపు సముద్రములలోనే కలవనియు, వానిని చెఱుపుట నేరమని మన శాసనము చెప్పుచున్నదనియు ఎఱిగినవారు కొలదిమంది.

పామర్రున నున్న మనకు అలల చప్పుడు వినబడదు. మన చుట్టు కనబడునవి వరిచేలు, కాలువలు, చేపలచెఱువులు. అట్టి మనకు పగడపు దిబ్బల సంగతి యేల యని కొందరడుగవచ్చును. పగడపు దిబ్బను కాచు శాసనమే దివిసీమ యంచున నున్న మడ అడవిని గూడ కాచుచున్నది. ఆ యడవి మన పల్లెలకును సముద్రమునకును నడుమ నిలిచియున్నది. కావున ఈ పాఠమున మేము మూడు సంగతులను వరుసగా చెప్పెదము. పగడపు దిబ్బ యననేమి, అది మన తీరమున లేకుండుటకు కారణమేమి యనునది మొదటిది. దానికి బదులుగా మన తీరమునకు కలిగిన మడ అడవి యెట్టిది యనునది రెండవది. ఈ రెంటిని కాచుటకై చేయబడిన శాసనము లెవ్వి, అవి చేయగలిగిన దెంత, చేయజాలని దెంత యనునది మూడవది.

1. పగడపు దిబ్బ

పగడపుజీవి మెత్తని శరీరము గల చిన్న ప్రాణి. చాల జాతులలో అది కొన్ని మిల్లీమీటర్ల పరిమాణము గలది మాత్రమే. అది సముద్రజలములో కరగియున్న సున్నమును గ్రహించి, తనచుట్టు గిన్నెవంటి గూడు కట్టుకొనును. ఒకదాని ప్రక్క నొకటిగా వేలకొలది జీవులు ఇట్లు గూళ్లు కట్టును. పాతవి చనిపోగా వాని గూళ్లమీద క్రొత్తవి కట్టుకొనును. ఇట్లు వందల, వేల యేండ్లు గడచినపిమ్మట సముద్రములో ఱాతిగోడవంటి దిబ్బ యేర్పడును. నగలకు వాడు ఎఱ్ఱపగడము వేఱొక జాతి. అది ఇట్టి దిబ్బలను కట్టదు.

దిబ్బ కట్టు పగడపుజీవి ఒంటరిగా బ్రతుకజాలదు. దాని శరీరములో కంటికి కానరాని పాచిజాతి యొకటి నివసించును. ఆ పాచి సూర్యకాంతిచేత ఆహారము తయారుచేసి, అందు అధికభాగమును తన కాశ్రయ మిచ్చిన జీవికి ఇచ్చును. పగడమునకు చక్కని వన్నె నిచ్చునదియు ఆ పాచియే. కావున దిబ్బ పెరుగుటకు వెలుతురు సోకునట్టి లోతులేని నీరు కావలెను. ఆ నీరు తేటగాను, వెచ్చగాను, ఉప్పగాను ఉండవలెను. బురదనీరు వచ్చినచో వెలుతురు తగ్గును. బురద క్రిందికి దిగినచో జీవి ఊపిరాడక చచ్చును.

ఇట్టి దిబ్బలు సముద్రపు అడుగుభాగములో నూటికి ఒక పాలుకంటె తక్కువ స్థలమునే ఆక్రమించియున్నవి. అయినను సముద్రములోని జీవజాతులలో సుమారు నాలుగవవంతు తమ జీవితములో ఏదో యొక దశయందు ఈ దిబ్బల నాశ్రయించును. చేపపిల్లలకు ఇవి పెంపుడిల్లు. తీరమునకు ఇవి అడ్డుగోడ. దూరమునుండి వచ్చు అల దిబ్బకు తగిలి విఱిగి, బలము చాలవఱకు కోల్పోయి ఒడ్డు చేరును. మన దేశమున పెద్ద దిబ్బలు నాలుగు చోట్ల కలవు: అండమాను నికోబారు దీవులు, లక్షద్వీపములు, గుజరాతునందలి కచ్ఛ సింధుశాఖ, తమిళనాడునందలి మన్నారు సింధుశాఖ.

ఈ నాలుగింటిలో మనకు సమీపమైనది మన్నారు. రామేశ్వరమునుండి తూత్తుకుడి వఱకు తీరమున కెదురుగా 21 చిన్న దీవులు వరుసగా ఉండెను. వాని చుట్టునున్న దిబ్బలను అనేక సంవత్సరములు గడ్డపారలతో పగులగొట్టి, సున్నపుబట్టీలకును పరిశ్రమలకును తరలించిరి. మన ప్రాంతమున పూర్వము గుల్లలను కాల్చి సున్నము చేసిన రీతిగనే అక్కడ పగడమును కాల్చిరి. అయితే మనవారు ఏఱిన గుల్లలు ప్రాణములేనివి; అక్కడివారు త్రవ్వినది సజీవమైన గోడ. దిబ్బ తఱిగిన చోట అలలు నేరుగా దీవిని కొట్టినవి. ఆ 21 దీవులలో పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి యను రెండు నీట మునిగిపోయినవి. గోడను అమ్ముకొనగా ఇల్లు కూలినట్లయినది. ఈ ప్రదేశము 1986లో సముద్ర జాతీయవనముగా ప్రకటింపబడినది. 2001లో దిబ్బ కట్టు పగడములన్నియు వన్యప్రాణి సంరక్షణ చట్టముయొక్క మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. అనగా పులికిని ఏనుగునకును శాసన మిచ్చు రక్షణయే బియ్యపుగింజంత పగడపుజీవికిని కలిగినది.

2. మన తీరమునకు దేవుడిచ్చిన గోడ

ఇట్టి పెద్ద దిబ్బలు కృష్ణా సాగరసంగమమున ఏల లేవు? కారణము స్పష్టమే. మహాబలేశ్వరమున పుట్టిన కృష్ణ సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి, దారిలోని నేలల నుండి ఒండ్రుమట్టిని తెచ్చి, పులిగడ్డ దిగువ పాయలుగా చీలి సముద్రమున కలియుచున్నది. మన పొలములకు సారమిచ్చిన ఆ ఒండ్రే పగడమునకు ప్రాణాంతకము. నదీముఖమున నీరు బురదగా నుండును. వానకాలమున తీయగా నుండును. అట్టి తావున పగడము బ్రతుకదు. కాని ప్రకృతి ఆ స్థలమును వట్టిగా విడువలేదు. పగడము చచ్చు బురదలోనే పెరుగు చెట్టును అక్కడ నిలిపినది. అదియే మడచెట్టు.

మడ అడవిలో మడ, తిల్ల, పొన్న మొదలైన పలుజాతుల చెట్లు కలవు. దినమునకు రెండుమాఱులు పోటునీరు వచ్చి వాని మొదళ్లను ముంచును. ఆటున తిరిగి పోవును. ఆ బురదలో గాలి చొఱదు. కావున మడచెట్టు తన వేళ్లనుండి పెన్సిళ్లవంటి మొలకలను నేలపైకి పంపి, వానితో గాలి పీల్చును. ఎక్కువైన ఉప్పును ఆకులగుండ బయటికి త్రోయును. మడ ఆకును నాలుకతో తాకినచో ఆ యుప్పు తెలియును. పొన్నజాతి చెట్లు మఱియొక వింత చేయును. వాని గింజ చెట్టుననే మొలకెత్తి, కోలవంటి వేరుతో వ్రేలాడి, పిమ్మట నీటిలో పడి తేలిపోయి, తగిన బురద దొరకిన చోట నాటుకొనును. తిల్లచెట్టు పాలు కంటిలో పడినచో మిక్కిలి బాధ కలుగును గనుక విద్యార్థులు దానిని ముట్టరాదు.

ఈ యడవిని ఆశ్రయించి రొయ్యపిల్లలు, మండపీతలు, చేపపిల్లలు పెరుగుచున్నవి. చేపలను పట్టి తిను బావురుపిల్లి ఇక్కడ కలదు. సమీపమునందలి ఇసుకతిన్నెలమీద సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుచున్నవి. నాగాయలంక, కోడూరు ప్రాంతముల పల్లెకారులును, కాలువలలో చేతులతో పీతలు పట్టు యానాదులును ఈ యడవివలననే బ్రతుకుచున్నారు. వారి వలలో పడు రొయ్య మడ ఆకు రాలి కుళ్లిన బురదలో పెరిగినదే.

ఇక అడ్డుగోడ సంగతి. ఉప్పెన యనగా నేమో మన జిల్లావారికి ఎవరును నేర్పనక్కఱలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును సముద్రము ముంచినప్పుడు సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీ శనివారమున దివిసీమమీద ఉప్పెన వచ్చి, ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు 10,000 మందిని బలిగొనెను. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలైన పల్లెల పేరులు నేటికిని మన పెద్దల నోట కన్నీటితో గాని రావు. అంతటి ఉప్పెనను మడ అడవి పూర్తిగా ఆపునని చెప్పుట సత్యము కాదు. కాని అది అల బలమును తగ్గించుననుటకు మంచి నిదర్శనము కలదు. 1999 అక్టోబరున ఒడిషాను మహాతుపాను కొట్టినప్పుడు కేంద్రపడా జిల్లాలోని వందలకొలది గ్రామముల మరణములను పరిశోధకులు పోల్చి చూచిరి. సముద్రమునకును ఊరికిని నడుమ మడ అడవి వెడల్పుగా నున్న గ్రామములలో తక్కువమంది చనిపోయినట్లు 2009లో ప్రకటించిరి. ముందుగా హెచ్చరించి జనులను తరలించుట అన్నిటికంటె ముఖ్యము. దాని తరువాతిది చెట్టు. రెండును ఉన్నచో మేలు.

3. శాసనము గీసిన గీత

పగడపు దిబ్బకును మడ అడవికిని పోలిక యిప్పుడు తేటపడినది. ఒకటి తేటనీటిగోడ, మఱియొకటి బురదనీటిగోడ. రెండును చేపపిల్లలకు ఉయ్యాలలు. రెండును అలకు అడ్డములు. రెండును నఱకుటకు సులభములు, కట్టుటకు మనుష్యునికి అసాధ్యములు. కావుననే శాసనకర్తలు వీనిని ఒకే చోట చేర్చిరి.

మన దేశపు శాసనముల క్రమ మిట్లున్నది. 1882నాటి మద్రాసు అటవీ చట్టము కొన్ని అడవులను రిజర్వు అడవులుగా చేసెను. దాని యుద్దేశము ముఖ్యముగా కలపను, ప్రభుత్వాదాయమును కాచుట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము పుట్టినది. అడవిలోని ప్రాణిని దానికొఱకే కాచవలెనను భావము ఇందు బలపడినది. 1976లో రాజ్యాంగమున రెండు మాటలు చేర్చబడినవి. అడవులను, వన్యప్రాణులను కాచుట రాజ్యముయొక్క ధర్మమని 48-ఎ అధికరణము చెప్పుచున్నది. నదులు, సరస్సులు, అడవులు మున్నగువానిని కాచుట ప్రతి పౌరుని కర్తవ్యమని 51-ఎ అధికరణము చెప్పుచున్నది. 1984లో భోపాలున విషవాయువు వేలమందిని చంపినపిమ్మట, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము చేయబడెను.

ఈ కడపటి చట్టము క్రింద 1991 ఫిబ్రవరి 19వ తేదీన కేంద్రప్రభుత్వము తీరప్రాంత నియంత్రణ ప్రకటనను వెలువరించెను. పున్నమి, అమావాస్యల పెద్దపోటు ఎంతవఱకు నేలపైకి వచ్చునో ఆ హద్దునకు పోటుగీత యని పేరు. ఆ గీతనుండి లోపలికి 500 మీటర్ల వఱకు గల భూమిలో ఇష్టము వచ్చినట్లు కట్టడములు కట్టరాదని ఈ ప్రకటన విధించెను. అందును మొదటి తరగతి భూములు మిక్కిలి సుకుమారములైనవి. ఆ తరగతిలో మడ అడవులును, పగడపు దిబ్బలును ప్రక్కప్రక్కనే పేర్కొనబడినవి. ఈ ప్రకటన 2011లోను, 2019లోను క్రొత్తగా వ్రాయబడెను. వేయి చదరపు మీటర్లకు మించిన మడ అడవి చుట్టు 50 మీటర్ల కాపుపట్టీ యుండవలెనని 2011లో చెప్పబడినది. 2019లో ప్రైవేటు భూములలోని మడ అడవికి ఆ పట్టీ అవసరము లేదని సడలింపబడినది. ప్రజోపయోగమైన పనికై మడ నఱకవలసివచ్చినచో, పోయినదానికి కనీసము మూడురెట్లు నాటవలెననియు అదే ప్రకటన విధించెను.

మన కృష్ణాముఖమునకు ఇంతకంటె గట్టి కాపు మఱియొకటి కలదు. 1989లో 194.81 చదరపు కిలోమీటర్ల ప్రదేశము కృష్ణా వన్యప్రాణి అభయారణ్యముగా ఏర్పడినది. నది కిరువైపుల నున్న సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ, లంకెవానిదిబ్బ మొదలైన రిజర్వు అడవులు ఇందు చేరియున్నవి. నేడిది కృష్ణా, బాపట్ల జిల్లాలలో వ్యాపించియున్నది. అభయారణ్యమున చెట్టు నఱకుటయే కాదు, అనుమతి లేక నీటి ప్రవాహమును మళ్లించుట, ఆపుట గూడ నేరమని 1972 చట్టముయొక్క 29వ సెక్షను చెప్పుచున్నది. ఈ మాటను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. మడ అడవిని చంపుటకు గొడ్డలి యక్కఱలేదు. పోటునీరు వచ్చు కాలువకు ఒక మట్టికట్ట వేసిన చాలును.

అదే చట్టమున బీదవాని పక్షమున గూడ కొన్ని మాటలు కలవు. అభయారణ్యము ప్రకటించునప్పుడు ఆ భూమిలో ఎవరెవరికి ఏ హక్కులున్నవో కలెక్టరు విచారింపవలెను. సముద్రజలములను చేర్చునప్పుడు స్థానికులైన మత్స్యకారుల జీవనమునకు తగిన ఏర్పాటు చేయవలెను. ఈ భాగము నెఱవేరక, నిషేధభాగము మాత్రమే అమలైనచో అడవికి కావలియుండవలసినవారే అడవికి పగవారగుదురు.

4. రొయ్యలచెఱువుల వ్యాజ్యము

శాసనమునకు పరీక్ష 1990 తరువాత వచ్చినది. ఆ యేండ్లలో విదేశములలో టైగరు రొయ్యకు గొప్ప వెల పలికినందున, నెల్లూరునుండి గోదావరి వఱకు తీరమంతట చెఱువులు త్రవ్వబడినవి. వరిచేలు చెఱువులైనవి, కొన్నిచోట్ల మడభూములును చెఱువులైనవి. కొందరికి కొలదికాలములోనే భాగ్యము కలిగినది. మంచినీటి బావులు ఉప్పనైనవని, పశువులకు మేత పోయినదని, సముద్రమునకు పోవు దారి మూసిరని వేఱుకొందరు మొఱపెట్టిరి. 1994 ప్రాంతమున తెల్లమచ్చ తెగులు వచ్చి చాల చెఱువులను ఊడ్చిపెట్టగా, అప్పుచేసిన రైతులు కుదేలైరి.

తమిళనాడునకు చెందిన సర్వోదయ కార్యకర్త ఎస్. జగన్నాథన్ 1994లో సుప్రీంకోర్టున వ్యాజ్యము వేసిరి. నాగపూరునందలి జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ ఆంధ్ర, తమిళ తీరములను పరిశీలించి, చెఱువులవలన వచ్చు ఆదాయముకంటె భూమికిని నీటికిని కలుగు నష్టమే అధికమని నివేదించెను. 1996 డిసెంబరు 11వ తేదీన న్యాయమూర్తులు కుల్దీప్ సింగ్, సగీర్ అహమ్మద్ తీర్పు చెప్పిరి. పూర్వపద్ధతిని సాగుచేయు చెఱువులు తప్ప, తీరనియంత్రణ ప్రాంతమున రొయ్యలచెఱువు లుండరాదనిరి. వరిపొలములను, ఉప్పుమడులను, మడ అడవులను, గ్రామపు ఉమ్మడిభూములను చెఱువులుగా మార్చరాదనిరి. నష్టపఱచినవారే నష్టపరిహార మియ్యవలెననిరి.

ఈ తీర్పు అట్లే నిలిచినదా? నిలువలేదు. ఎగుమతి వ్యాపారమువలన దేశమునకు వచ్చు ధనము, వేలకుటుంబముల జీవనము ఇందు చిక్కుపడియున్నవి. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చరు అథారిటీ చట్టమును చేసి, చెఱువుల సాగును తీరనియంత్రణ నిషేధమునుండి తప్పించి, లైసెన్సు పద్ధతిని పెట్టెను. అయినను పోటుగీతనుండి 200 మీటర్ల లోపలను, నియంత్రణప్రాంతములోని కయ్యలు, నదులు, ఉప్పుటేఱులలోను క్రొత్త సాగునకు లైసెన్సు ఇయ్యరాదని ఆ చట్టమే విధించెను. 2023లో ఇది మరల సవరింపబడినది.

ఈ చరిత్రను చెప్పుటలో రొయ్యలసాగును నిందించుట మా యుద్దేశము కాదు. మన విద్యార్థులలో కొందరి యిండ్లకు చెఱువులే అన్నము పెట్టుచున్నవి. దేశమున రొయ్యల యుత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానమున నున్నది. ప్రశ్న చెఱువుండవలెనా కూడదా యని కాదు, ఎక్కడ నుండవలెనని. పొలముగట్టున తవ్విన చెఱువు నష్టపఱచినచో, దానిని పూడ్చి మరల వరి వేయుటకు కొంత యవకాశము కలదు. మడను నఱికి తవ్విన చెఱువు, రొయ్యపిల్ల సహజముగా పుట్టు తావునే పాడుచేయును. దాని లాభము ఒకనిది. దాని నష్టము సముద్రముమీద వల వేయు ప్రతివానిది, ఉప్పెనదారిలో నిద్రించు ప్రతి పసిపాపది. శాసనము గీసిన గీత ఈ యిద్దరి నడుమ గీయబడినది.

5. శాసనము చేయగలిగినది, చేయజాలనిది

శాసనము ఒక్క మడమొక్కనైనను మొలిపింపజాలదు. అది నఱకు చేతిని ఆపగలదు. మూసిన నీటిదారిని తెఱపింపగలదు. అంతవఱకు జరిగినచో తక్కిన పని ప్రకృతియు, ఊరివారును చేయుదురు. ఇందుకు మన తీరముననే నిదర్శనము కలదు. చెట్లు నఱికిన చోట నేల క్రుంగి పళ్లెమువలె నగును. పెద్దపోటున వచ్చిన నీరు అందు నిలిచి, ఎండకు ఇంకి, ఉప్పు పేరుకొనును; ఇక అక్కడ ఏ విత్తనమును మొలవదు. 1990 దశకపు చివరి యేండ్లనుండి చెన్నపట్టణపు ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు, అటవీశాఖవారు, కృష్ణా గోదావరీ ముఖములందలి గ్రామస్థులు కలిసి ఒక యుపాయము చేసిరి. కయ్యనుండి ఒక పెద్దకాలువ త్రవ్వి, దానికి రెండువైపుల ఏటవాలుగా పిల్లకాలువలు తీసిరి. పైనుండి చూచినచో అది చేపముల్లువలె నుండును. ఆ కాలువలగుండ పోటునీరు వచ్చిపోవుచు ఉప్పును కడిగివేయగా, గట్లమీద నాటిన మొక్కలు నిలిచినవి. గ్రామస్థులు సంఘములుగా ఏర్పడి కావలి కాచిరి.

పగడపు దిబ్బలకును ఇదే న్యాయము. ఆస్ట్రేలియాలో 2,300 కిలోమీటర్లు వ్యాపించిన గొప్ప పగడపు దిబ్బలకై 1975లో ప్రత్యేక శాసనము చేసిరి. 2004లో ఆ వనములో సుమారు మూడవవంతు ప్రదేశమున చేపలు పట్టుట పూర్తిగా నిషేధించిరి. నిషేధించిన చోట్ల చేపలు పెరిగినవి; అవి ప్రక్కనున్న జలములలోనికిని వ్యాపించినవి. మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు మరపడవల వేటను ఆపుటకు గల కారణమును ఇట్టిదే. గ్రుడ్లు పెట్టుకాలమున చేపను విడిచినచో, తరువాత వల నిండును.

అయితే తీరశాసనమునకు అందని అపాయములు రెండు కలవు. సముద్రము వేడెక్కినప్పుడు పగడపుజీవి తనలోని పాచిని వెడలగొట్టి తెల్లబడును. వేడి చిరకాలముండినచో చచ్చును. 1998, 2010, 2016 సంవత్సరములలో మన దేశపు దిబ్బలు ఇట్లు తెల్లబడెను. 2023లో ప్రారంభమై ప్రపంచమున నాలుగవమాఱు ఇట్టి విపత్తు వ్యాపించెను. బొగ్గును, చమురును కాల్చుటవలన గాలి వేడెక్కుటయే దీనికి మూలము. మన్నారులో కావలివాడు గడ్డపారను ఆపగలడు గాని, ఎండను ఆపజాలడు. అందుకు 2015నాటి ప్యారిసు ఒడంబడికవలె దేశములన్నియు చేయు కట్టుబాటు కావలెను.

రెండవ అపాయము మన నదిది. నాగార్జునసాగరము, శ్రీశైలము మున్నగు ఆనకట్టలు మనకు నీటిని, విద్యుత్తును ఇచ్చినవి. కాని పూర్వము సముద్రము చేరు ఒండ్రులో అధికభాగమును అవి వెనుక నిలుపుకొనుచున్నవి. ఒండ్రు రానిచో డెల్టా అంచు కోతకు గురియగును. అంచు కోసుకొనిపోయినచో మడకు నిలుచుటకు నేల యుండదు. పోటుగీతవద్ద నిలిచిన శాసనము నూఱుల మైళ్ల ఎగువనున్న ఆనకట్టతో మాటాడజాలదు. నదిని కొండనుండి కడలి వఱకు ఒక్కటిగా చూచు విధానము ఇంకను రావలసియున్నది.

6. విద్యార్థులు చేయదగిన పని

ఇవి పెద్దల పనులు, మనమేమి చేయగలమని విద్యార్థులు తలపరాదు. మన చేలలో చల్లిన ఎరువులో కొంత, పురుగుమందులో కొంత మురుగుకాలువలగుండ సముద్రము చేరుచున్నది. మనము కాలువలో విసరిన ప్లాస్టిక్ సంచి ఒకనాడు మడవేళ్లకు చుట్టుకొనును. కావున పామర్రు తీరముకాదను మాట భూగోళపటమున నిజమే గాని, నీటి లెక్కలో నిజము కాదు.

తీరపు పటములను తయారుచేయునప్పుడు ప్రభుత్వము ప్రజాభిప్రాయమును వినవలెనని నియమము కలదు. ఏ భూమి మడభూమి, పోటుగీత ఎక్కడ నున్నది యనుట ఆ పటములవలననే తేలును. 2005నాటి సమాచారహక్కు చట్టముచేత ఆ పటమును ఏ పౌరుడైనను అడిగి తీసికొనవచ్చును. 2010లో ఏర్పడిన జాతీయ హరిత న్యాయస్థానమునకు, నష్టపడినవాడు పల్లెకారుడైనను మొఱ పెట్టుకొనవచ్చును. దాని దక్షిణశాఖ చెన్నపట్టణమున కలదు. కాని పటమును చదువనేర్చినవారు ఊరిలో లేనిచో ఈ హక్కులు కాగితముననే యుండును. నాగాయలంక పల్లెకారునికి ఏ కయ్యలో పోటు ఎంతవఱకు వచ్చునో తెలియును. కాగితమున దానిని ఎట్లు వ్రాయవలెనో తెలియకపోవచ్చును. చదువుకొన్న బాలుడు, బాలిక ఆ లోటును తీర్పవలసినవారు.

కావున పై తరగతుల విద్యార్థులకు మేము ఈ పనులను నియమించుచున్నాము. ఒకటి: 1977 ఉప్పెనను చూచిన పెద్దలు మీ బంధువులలో ఎవరైన నున్నచో వారినడిగి, నీరు ఏ దిక్కునుండి వచ్చినది, ఎంత యెత్తున వచ్చినది, ఏమి అడ్డుపడినది యను సంగతులను వ్రాసికొనుడు. రెండు: మీ ఊరి మురుగునీరు ఏ కాలువలో చేరి, ఎక్కడ సముద్రమున కలియునో పటమున గుర్తించి గీయుడు. మూడు: హంసలదీవికి పోవు అవకాశము కలిగినచో పెద్దలతోకూడ పోయి, ఆటుసమయమున మడవేళ్లను, పీతలబొఱియలను చూచి, చెట్టును విఱువక బొమ్మ గీసి తెండు. నాలుగు: మీ యింట చెఱువు సాగుచేయువా రున్నచో, లైసెన్సు కాగితములో ఏ యే నియమములున్నవో తండ్రిగారి అనుమతితో చదివి అర్థము చేసికొనుడు. తండ్రులును కుమారులు అడిగిన ప్రశ్నలకు విసుగుకొనక సమాధానము చెప్పవలెనని మా మనవి.

మీలో కొందరు రేపు రైతులగుదురు, కొందరు అటవీశాఖలోను రెవిన్యూశాఖలోను ఉద్యోగులగుదురు, ఒకరిద్దరు న్యాయవాదులగుదురు. మట్టికట్ట వేయుటకు ఒకడు అనుమతి కోరి మీ బల్లయెదుట నిలుచు దినము రావచ్చును; లేదా ఆ కోరువారు మీరే కావచ్చును. ఆనాడు 29వ సెక్షనును, సొర్లగొందిని ఒక్కసారి తలచుకొనుడు.